అనంతపురంలో ఉండి బార్సిలోనా ఫుట్‌బాల్ క్లబ్‌కు ఫ్యానైతే, ఊరి జట్టుకూ సపోర్ట్ చేయొచ్చా?

చేయొచ్చు. టైం కూడా అడ్డు రాదు. యూరప్ క్లబ్‌లు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో ఎక్కువ మ్యాచ్‌లు మనకు చలికాలంలో రాత్రి 1.30కి మొదలవుతాయి. మార్చి ఆఖర్లో యూరప్‌లో గడియారాలు ముందుకు జరిపాక 12.30కి. మన ఎండకు ఊళ్లో ఆట ఎలాగూ పొద్దున్నేనో సాయంత్రమో.

అసలు చిక్కు వేరే. ఇక్కడ చాలామంది అభిమానం క్లబ్ మీద కాదు, ఆటగాడి మీద. 2021లో మెస్సీ బార్సిలోనా వదిలి పారిస్‌కు, 2023లో మయామీకి వెళ్తే వీళ్ల జెర్సీలూ ఆయన వెంటే వెళ్లాయి. ఊరి జట్లదీ అదే తంతు: స్పాన్సర్ మారితే పేరు, రంగు మారిపోతాయి, టోర్నీ వస్తే బయటి ఆటగాళ్లు దిగుతారు. ఇక జనం దేన్ని గుర్తుపెట్టుకోవాలి? పేరు, రంగు, గ్రౌండ్ మార్చకుండా, మ్యాచ్ తేదీ వాట్సాప్‌లో ముందే పెట్టే జట్టును చూసుకోండి. ఏదీ తెలియకపోతే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్ నుంచి మొదలుపెట్టండి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ పెట్టిన సంస్థే అది. అమ్మాయిల ఆట కూడా చూడండి.

సాయం చేయాలనుకుంటే నకిలీ జెర్సీకి పెట్టే డబ్బుతో బంతి కొనివ్వండి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 4 సైజు, అంతకంటే పెద్దవాళ్లకు 5. మన గరుకు నేలకు మెరుపు బంతుల పైపొర తొందరగా లేచిపోతుంది, రబ్బరుదే నిలుస్తుంది. నిబంధనల ప్రకారం గాలి 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ. ఎండలో బంతి ఇంకా ఉబ్బుతుంది కాబట్టి 9 దగ్గర ఆపితే చాలు.

రిఫరీని మాత్రం తిట్టకండి. చాలాసార్లు ఆయన పక్క స్కూల్ పీఈటీ సారే.