ట్యాబా, గ్లవ్వా: బొబ్బలెక్కిన వేళ్ల సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: లాగడానికి 30 పౌండ్ల బలం పట్టే చెక్క రికర్వ్ విల్లు (కొసలు ముందుకి వంగి ఉండేది) కొన్నారు. గురి చూసే సైటూ లేదు, విల్లు ఊగకుండా ఆపే స్టెబిలైజరూ లేదు, ఉత్త విల్లే. 30, 40 బాణాలు వేసేసరికి చూపుడువేలికీ ఉంగరపు వేలికీ బొబ్బలొస్తున్నాయి. గ్లవ్ కొనాలా, ట్యాబ్ (వేళ్లకి అడ్డంగా పెట్టుకునే తోలు ముక్క) కొనాలా, లేక వేళ్లు కాయలు కాసేదాకా ఓర్చుకుంటే చాలా అని అడుగుతున్నారు. నెల్లూరులో స్పోర్ట్స్ షాపుకెళ్తే క్రికెట్ బ్యాటింగ్ గ్లవ్స్ చూపించారన్నారు. నయం. నాకైతే వికెట్ కీపర్‌వి చూపించారు.

ఓర్చుకోవడం గురించి ముందు చెప్తా, నేను చేసిన పెద్ద తప్పు అదే కాబట్టి. మాది ఇందుకూరుపేట వైపు, రొయ్యల గుంటలు. ఆదివారం వస్తే పొదలకూరు దగ్గర మా బావ నిమ్మతోటకి పోయి, వరిగడ్డి మోపులు పేర్చి బాణాలు వేసేవాణ్ణి. మొదటి ఏడాదంతా వట్టి వేళ్లతోనే. వేళ్లకి ఏదన్నా తొడుక్కుంటానంటే మా బావ, "మీ తాత పలుగు పట్టేటప్పుడు గ్లవ్స్ ఏసుకున్నాడా బావా?" అనేవాడు. నాకు రోషం. ఒకరోజు బొబ్బ చిట్లింది, చూసుకోలేదు. దాహమేసి చెట్టు కింద కూర్చుని, నిమ్మకాయ కోసి చెంబులోకి పిండాను. పగలే చుక్కలు కనిపించడమంటే ఏంటో ఆ రోజు తెలిసింది.

బొబ్బ నాలుగు రోజుల్లో మానింది. అసలు దెబ్బ తర్వాత తగిలింది. చర్మం నిజంగానే కాయ కాసింది, మంట తగ్గింది, ఇంకేముంది అని బాణాలు పూటకి 150కి పెంచాను. ఒక సోమవారం పొద్దున గుంట మీద చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో వేళ్ల మధ్య నలిపి చూస్తున్నా. చూపుడువేలి చివరికి ఏమీ తెలియట్లేదు. మేత గింజేదో, రొయ్య పెంటేదో కంటితో చూస్తే తప్ప పోల్చుకోలేకపోయా. ఇంటికొచ్చి చొక్కా మార్చుకుంటుంటే బొత్తాం వేళ్ల మధ్య ఉందో జారిందో తెలియదు. డాక్టర్‌కి చూపిస్తే వేలి పక్కగా పోయే నరం నలిగిందని, ఆపకపోతే తిమ్మిరి అలాగే ఉండిపోవచ్చని చెప్పారు. రెండు నెలలు విల్లు ముట్టుకోలేదు. కాయ కాసేది పైచర్మమే, కింద నరం మాత్రం ఎప్పటిలాగే మెత్తగా ఉంటుంది. మీకు బొబ్బలతో పాటు తిమ్మిరి కూడా ఉండి, మర్నాటికీ పోకపోతే, ఈ ట్యాబ్, గ్లవ్ గొడవ పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మా బావకి జవాబు ఆ ఖాళీ రెండు నెలల్లోనే దొరికింది. వాల్మీకి రామాయణం బాలకాండలో రామలక్ష్మణులు విశ్వామిత్రుడి వెంట బయల్దేరేటప్పుడు గోధాంగుళిత్రాణాలు కట్టుకున్నారని ఉంటుంది. అంగుళిత్రాణం అంటే వేళ్లని కాపాడేది. గోధ అంటే ఉడుము, దాని తోలుతో చేసిందని అర్థం చెప్తారు. (ఇప్పుడు ఉడుము జోలికెళ్తే వన్యప్రాణి చట్టం కింద కేసే, ఆ ఆలోచన వద్దు.) "రాముడికే కావాల్సొచ్చింది, మనమెంత బావా" అన్నాను. అప్పట్నుంచి తాత పలుగు ఊసెత్తలేదు.

ఇంకో సంగతి. టీవీలో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖని చూసి, ఆమె చేతిలో ఉన్నది కొనుక్కుంటే పోలా అని కొందరు అడుగుతారు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆమె మూడు బంగారు పతకాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో, అంటే కొసల్లో చక్రాలుండే దాంతో. అందులో స్ట్రింగ్‌ని (అల్లెతాడుని) లాగి వదిలేది రిలీజ్ ఎయిడ్ అనే చిన్న పరికరం, వేళ్లు స్ట్రింగ్‌కి తగలవు. మన విల్లుకి అది పనికిరాదు. పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్. ఆయన వేళ్లకి ఉండేది ట్యాబ్. మీరు చూడాల్సింది అటు.

ఇప్పుడు మీ వేళ్ల దగ్గరికి వద్దాం. ఏమీ కొనకముందు ఒక పని చేయండి. బడిలో వాడే సుద్దముక్క తీసుకుని స్ట్రింగ్‌కి, వేళ్లు ఆనే చోట, బాగా రుద్దండి. బాణం పెట్టి, గడ్డిమోపు వైపే చూస్తూ, ఎప్పటిలాగే పూర్తిగా లాగండి. వదలొద్దు, స్ట్రింగ్‌ని మెల్లగా మొదటున్న చోటికే తీసుకురండి. ఇప్పుడు చెయ్యి తిప్పి చూసుకోండి. తెల్లటి గీత వేలి చివరి మెత్తటి కండ మీద పడిందా, మొదటి కణుపు మడతలో పడిందా? నా గీత చూపుడువేలికి కణుపులో, మధ్యవేలికి కణుపు కింద, ఉంగరపు వేలికి దాదాపు గోరు వెనక పడింది. అంటే ఉంగరపు వేలు కొసతో వేలాడుతోంది. వదిలేటప్పుడు స్ట్రింగ్ ఆ కొస మీదుగా గీసుకుంటూ పోతుంది, బొబ్బ అక్కడే. మూడు వేళ్లూ మొదటి కణుపు దగ్గరో, రవ్వంత లోపలికో కొక్కెంలా వంగాలి. చేదబావిలోంచి బిందె తోడేటప్పుడు తాడుని వేలి కొసలతో పట్టుకోం కదా, అదే పట్టు. భారం ఎక్కువగా మధ్యవేలి మీద, ఉంగరపు వేలి మీద అన్నిటికన్నా తక్కువ. మీ ఉంగరపు వేలి బొబ్బ సగం ఇక్కడే పోతుందని నా నమ్మకం.

చూపుడువేలి బొబ్బ ఎక్కడుందో మీరు రాయలేదు. వేలి కింద మెత్తటి భాగంలో ఉంటే పైన చెప్పిందే. బాణం వైపు, అంటే మధ్యవేలికి ఆనుకునే పక్కన ఉంటే మాత్రం కారణం వేరు. విల్లు పొట్టిగా ఉంటే, లాగినప్పుడు స్ట్రింగ్ వేళ్ల దగ్గర ఇరుకు కోణంలో వంగుతుంది, వేళ్లు ఒకదానికొకటి నొక్కుకుంటాయి, మధ్యలో బాణం నాక్ (స్ట్రింగ్‌ని పట్టే తోక గాడి) నలుగుతుంది. గుర్రపు విల్లు అని అమ్మే 50 అంగుళాల వాటితో మూడు వేళ్లతో లాగితే నరకం. 28 అంగుళాలు లాగే మనిషికి 66, 68 అంగుళాల విల్లుతో వేళ్లు హాయిగా ఉంటాయి. మీది 62 అయితే మధ్యస్థం. కొత్త విల్లు కొనమనను. వేళ్ల మధ్య చిన్న దిమ్మ ఉండే ట్యాబ్‌లు దొరుకుతాయి. ఆ దిమ్మ వేళ్లని ఎడంగా ఉంచుతుంది, నాక్ నలగదు. మీకు అలాంటిది కావాలి.

గ్లవ్ సంగతి చెప్పి ముగించేస్తా, ఎందుకంటే నాకు దాని మీద పక్షపాతం ఉంది. మూడు వేళ్లకి తోలు టోపీలు, వెనకాల పట్టీ, మణికట్టు దగ్గర బటన్. దాని సుఖం దానికి ఉంది. బాణం తీసుకోవచ్చు, ఫోన్ ఎత్తొచ్చు, చేతిలోంచి జారి పడదు, తోటలో తిరుగుతూ అక్కడో బాణం ఇక్కడో బాణం వేసేవాళ్లకి బాగుంటుంది. కానీ మన మే నెల ఎండలో పది బాణాలకి లోపల చెమట కారుతుంది. వేలికి వదులైతే స్ట్రింగ్ దాన్ని కొసకి లాక్కుపోతుంది, బిగుతైతే వేలు ఉబ్బుతుంది. చెమటా మా గుంటల మీద ఉప్పుగాలీ కలిసి నా గ్లవ్ నెలకల్లా అప్పడంలా బిర్రబిగిసింది. అప్పుడు నేను చేసిన ఘనకార్యం: కొబ్బరినూనె రాశాను. మెత్తబడింది, మరీ మెత్తబడింది. స్ట్రింగ్ పడే చోట లోతుగా గాడి పడి, వదిలిన ప్రతిసారీ స్ట్రింగ్ ఆ గాడిలో తట్టుకుని బాణం పక్కకి కొట్టేది. వారం రోజులు నా గురి చెడిపోయిందనుకుని తల పట్టుకున్నా. చెడింది తోలు. తోలుకి నూనె వద్దు, ఎండబెట్టొద్దు కూడా. నీడలో ఆరనిచ్చి, స్ట్రింగ్ తగిలే వైపు కాస్త టాల్కం పౌడర్ రుద్దితే చాలు.

బైక్ గ్లవ్ కూడా ప్రయత్నించా. అరచేతి వైపు ఉండే రబ్బరు చుక్కలు స్ట్రింగ్‌ని పట్టుకుని వదలవు. వేళ్లకి ప్లాస్టర్ చుడితే చెమటకి జారి, జిగురంతా స్ట్రింగ్‌కి అంటింది.

ట్యాబ్ అంటే పెద్ద వస్తువేం కాదు. అరచేతిలో పట్టే తోలు ముక్క, మధ్యవేలు దూరడానికి ఒక కన్నం, బాణం నాక్ కోసం ఒక చీలిక. వేళ్లు వెనక తెరిచే ఉంటాయి, గాలి ఆడుతుంది. మూడు వేళ్లకీ ఒకే తోలు కాబట్టి స్ట్రింగ్ ఒకేసారి జారిపోతుంది. ఖరీదైన వాటికి కార్డోవాన్ వాడతారు, అది గుర్రం పిర్రల దగ్గరి చిక్కటి తోలు, తొందరగా గాడి పడదు. మొదటిదానికి అంత అక్కర్లేదు. నాది మా ఊరి సెంటర్లో చెప్పులు కుట్టే పెద్దాయన చేసిచ్చాడు. నా చెయ్యి అట్టముక్క మీద పెట్టి గీత గీసి తీసుకెళ్లా. ఆయన అటూ ఇటూ తిప్పి, "ఇదేంది అబ్బయా, దేనికి తోలు? చెయ్యికా, చెప్పుకా?" అన్నాడు. బెల్టుల కోసం ఉంచుకున్న నున్నటి తోలు ఒక పొర, దాని వెనక మెత్తటి తోలు ఇంకో పొర, రెండూ కలిపి 3 మిల్లీమీటర్లకి మించకుండా. నున్న వైపు స్ట్రింగ్‌కి, మెత్త వైపు వేళ్లకి. మందం ఎక్కువైతే స్ట్రింగ్ వేళ్లకి తెలియదు, పట్టు తప్పుతుంది.

కుట్టించాక అసలు పని మనదే. తోలు కావాలని పెద్దగానే ఉంచాలి. వేళ్లు స్ట్రింగ్ మీద వంచి పట్టుకుని, కొసల్ని దాటి ముందుకొచ్చిన తోలుని కత్తెరతో కొద్దికొద్దిగా, గోరంత చొప్పున కోసుకుంటూ రావాలి. ఒకసారి కోయడం, పది బాణాలు వేయడం, మళ్లీ చూడటం. మిగులు తోలు వేళ్ల కింద మడతపడితే స్ట్రింగ్ దాని మీదుగా ఈడ్చుకుంటూ పోతుంది, బాణం తోక ఊపుతూ వెళ్తుంది. నేను మొదటిది తొందరపడి ఒక్కసారే కోసేశా, ఉంగరపు వేలి కొస బయటికొచ్చింది. పెద్దాయన మళ్లీ కుట్టిచ్చి డబ్బులు తీసుకోలేదు, నవ్వు మాత్రం చాలాసేపు నవ్వాడు. కొత్త తోలు బిరుసుగా ఉంటుంది, ఓ 100 బాణాలకి దారికొస్తుంది. అప్పటిదాకా గురి గురించి బెంగపడొద్దు.

బాణానికి పైన ఒక వేలు, కింద రెండు పెట్టి లాగుతుంటే చీలిక ఉన్న ట్యాబ్ తీసుకోండి. మూడు వేళ్లూ బాణం కిందే పెట్టేవాళ్లకి చీలిక లేనిది మేలు. పద్ధతి మారిస్తే స్ట్రింగ్ మీద నాక్ పెట్టే చోటు కూడా మళ్లీ సరిచూసుకోవాలి. పోటీలకి వెళ్లాలనుకున్నా బెంగలేదు, లాగడానికీ వదలడానికీ సాయపడే యంత్రం లాంటిది లేనంతవరకు ట్యాబూ గ్లవ్వూ రెండూ ఒప్పుకుంటారు.

బొటనవేలి ఉంగరం గురించి కూడా అడిగారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్‌ది అని చెప్పే జేడ్ రాయి ఉంగరం ఉంది, చూడముచ్చటగా ఉంటుంది. అది బొటనవేలితో లాగేవాళ్లకి. ఆ పద్ధతిలో బాణం విల్లుకి అవతలి వైపు పెట్టాలి, అంతా కొత్తగా నేర్చుకోవాలి. మీ రికర్వ్‌కి దాని జోలి వద్దు. స్ట్రింగ్‌కే తొడిగే రబ్బరు గొట్టాలు పిల్లల విల్లులకి బాగుంటాయి, 30 పౌండ్లకి చాలవు.

కాబట్టి మీరైతే: ముందు సుద్ద పరీక్ష, బొబ్బలు పూర్తిగా మానేదాకా విల్లు గోడకి, తర్వాత దిమ్మ ఉన్న ట్యాబ్. 24 పౌండ్ల లింబ్స్ (విల్లుకి పైనా కిందా వంగే రెక్కలు) దొరికితే రెండు నెలలు వాటితో వేయండి, నేను మళ్లీ మొదలుపెట్టింది వాటితోనే. ట్యాబ్ కుట్టించుకుంటే ఒకేసారి రెండు కుట్టించుకోండి. ఒకటి చెమటకి తడిస్తే అంబులపొదికి తగిలించి, రెండోది వేసుకోవచ్చు. విల్లు పొడవెంతో, సుద్ద గీత ఎక్కడ పడిందో రాస్తే చీలిక ఎక్కడ పెట్టించాలో చెప్తాను.