ఆడవాళ్ళకి ఇచ్చే గుణం పుట్టుకతోనే ఎక్కువా?

ఆడవాళ్ళు సహజంగానే ఎక్కువ ఇస్తారా, లేక అందరూ ఆశిస్తారు కాబట్టి ఇస్తారా అని ఒకరు అడిగారు. నా వరకు రెండోదే ఎక్కువ నిజం.

క్యాథరిన్ ఎకెల్, ఫిలిప్ గ్రాస్‌మన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో డిక్టేటర్ గేమ్ అనే ఆట ఆడించి, ఫలితాలు 1998లో ప్రచురించారు. చేతిలో పది డాలర్లు పెట్టి, ముక్కూమొహం తెలియని మనిషికి ఎంతిస్తావో నీ ఇష్టం అన్నారు. ఎవరెంత ఇచ్చారో ప్రయోగం చేసేవాళ్ళకి కూడా తెలియదు. ఆడవాళ్ళు సగటున 1.60 డాలర్లు ఇస్తే మగవాళ్ళు 82 సెంట్లు ఇచ్చారు. ఇది చూసి పుట్టుకే అనిపిస్తుంది. కానీ ఎవరూ చూడకపోయినా చిన్నప్పటి నుంచి నేర్పింది చేతిలోంచి పోతుందా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ నుంచి పులిహోర పొట్లాలు పంపాం. తెల్లవారుజామున నాలుగింటికే సెల్లార్‌లో పొయ్యిలు వెలిగించాం. అన్నం ఉతికిన పంచెల మీద ఆరబోసి, ఒకరు పులుసు పోస్తుంటే ఇంకొకరు కలిపాం. గోళ్ళలో పసుపు రెండు రోజులు పోలేదు. డబ్బులిచ్చిన మగవాళ్ళ పేర్లు వాట్సాప్ గ్రూపులో వచ్చాయి. వండినవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు, రాయాలని మాకూ తోచలేదు.

ఆ రోజు రెండో అంతస్తు వదిన రాలేదు. "ఒక్క పూట రాలేకపోయిందా" అనుకున్నాం. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. వాళ్ళాయన కూడా రాలేదు. ఆయన్ని ఒక్కరూ అడగలేదు. వారం తర్వాత తెలిసింది, ఆ పొద్దున ఆవిడ అత్తగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళిందని. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే బాధగా ఉంటుంది.

ఇలాంటి ఆటలోనే ఎవరు ఎక్కువ ఇస్తారనుకుంటున్నారో చూసిన ఫెర్నాండో అగియార్ అనే పరిశోధకుడి బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో నాకు ఇదే కనిపించింది. సాటి ఆడవాళ్ళు ఎక్కువ ఇస్తారని నమ్మింది ఆడవాళ్ళే. మగవాళ్ళు మాత్రం ఇద్దరూ సమానమే అనుకున్నారు. అంటే ఆ బరువు మనమే ఒకరి మీద ఒకరం పెట్టుకుంటున్నాం.

లిండా బాబ్‌కాక్, లీజ్ వెస్టర్లండ్ అనే ఆర్థికవేత్తలు, వాళ్ళ తోటివాళ్ళు కలిసి 2017లో ప్రచురించిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. ఎవరికీ ఇష్టం లేని పనికి ఎవరైనా ముందుకు రండి అంటే, ఆడా మగా కలిసిన గుంపులో ఆడవాళ్ళే ఎక్కువగా వచ్చారు. అందరూ మగవాళ్ళే ఉన్న గుంపులో మాత్రం, అందరూ ఆడవాళ్ళే ఉన్న గుంపులో లాగే వాళ్ళూ ముందుకొచ్చారు. పుట్టుకే అయితే పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఇలా మారదు కదా.

అందుకే పోయిన వినాయక చవితికి "ఎవరొస్తారు" అని నేను అడగనివ్వలేదు. ప్రతి ఫ్లాట్ నుంచీ ఆడా మగా అందరి పేర్లూ రాసి చీటీలు వేశాం. వంకాయలు తరగడం రెండో అంతస్తు అన్నయ్యకి వచ్చింది. పొద్దున్నే వచ్చి కత్తిపీట ముందు కూర్చున్నారు.