పురుగులకు పేర్లు పెట్టే చదువుతో బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి జువాలజీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. పీజీ తర్వాత కీటకాల వర్గీకరణలో పరిశోధన చేస్తానంటోంది. డీఎన్‌ఏ, కంప్యూటర్ విశ్లేషణ వైపు వెళ్లమంటే వినడం లేదు. పైగా ‘ఆరు కాళ్లున్నవన్నీ కీటకాలు కావు’ అని మాకే పాఠం చెబుతోంది. ఇంట్లో అందరం నవ్వుకున్నాం. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: నత్తల గురించి, నాచు మొక్కల గురించి కూడా తల్లిదండ్రులు నన్ను ఇదే అడిగారు. అడిగేది జీతం గురించే గానీ, అసలు బెంగ వేరు. ఎవరైనా ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది?’ అంటే ఒక్క ముక్కలో చెప్పలేమని కదా?

ముందు ఆ నవ్వు సంగతి చూద్దాం. మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఆరు కాళ్ల జీవులన్నిటికీ కలిపి షట్పాదులని పేరు. కీటకాలు అందులో ఒక విభాగం మాత్రమే. కొల్లెంబోలా, ప్రొట్యూరా, డిప్లూరా వాటికి దాయాదులు. ఈ మూడింటికీ నోటి భాగాలు తల లోపలి సంచిలో దాగి ఉంటాయి. ప్రొట్యూరాకైతే కళ్లూ లేవు, తడిమి చూసే మీసాల్లాంటి స్పర్శశృంగాలూ లేవు. ముందు కాళ్లను పైకెత్తి, వాటితోనే తడుముకుంటూ నడుస్తుంది. ఈ మూడూ ఒకే శాఖా, వేర్వేరు శాఖలా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఒకప్పుడు సొంత క్రమం, అంటే వర్గీకరణలో ఒక పెద్ద విభాగం, ఉన్న చెదపురుగులు ఇప్పుడు బొద్దింకల క్రమంలో కలిశాయి. 2002లో మాంటోఫాస్మటోడియా అనే కొత్త క్రమమే పుట్టింది. ఇందులో చేయడానికి పనేం మిగిలిందని మీరు అనుకుంటున్నారో నాకు అర్థం కాలేదు.

ఇక మీరు మోజుపడుతున్న దారి. డీఎన్‌ఏ బార్‌కోడింగ్ 2003లో ముందుకొచ్చింది. ఒక జన్యువులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాలు చదివి జాతిని గుర్తిస్తారు. మంచి సాధనమే, కాదనను. కానీ చదివిన అక్షరాలను దేనితో పోల్చాలి? ఎవరో నిపుణులు ముందే సరిగ్గా గుర్తించి, పేరు రాసి భద్రపరిచిన నమూనాతో. అది లేనిచోట యంత్రం ఒక సంఖ్య ఇచ్చి ఊరుకుంటుంది. వోల్బాకియా అనే బాక్టీరియా సోకిన కీటకాల్లోనైతే వేర్వేరు జాతులు ఒకేలా కనిపించి, బార్‌కోడే తప్పుదారి పట్టించవచ్చు. అక్షరాలు చదవడం మాత్రమే వచ్చి, పురుగును చేతిలో పెడితే తెల్లమొహం వేసే పట్టభద్రులను చాలామందిని చూశాను. ఆ వరుసలో మీ అమ్మాయిని కూడా నిలబెట్టాలని ఎందుకంత తొందర?

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నాను. డీఎన్‌ఏ వైపు ఉద్యోగాలు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువే. కేవలం వర్గీకరణ కోసమే ఉన్న పోస్టులు తక్కువ, దాచను. అయితే పంట తెగుళ్ల పరిశోధన, ఓడరేవుల్లో సరుకుల తనిఖీ, మ్యూజియం సేకరణలు, ఇవన్నీ పురుగును చూసి పేరు చెప్పగలిగినవారి మీదే ఆధారపడతాయి. ఆమె కీటకాల్లో ఏదో ఒక కుటుంబాన్ని ఎంచుకుని లోతుగా చదవాలి, దానితోపాటు డీఎన్‌ఏ అక్షరాలు చదివే సీక్వెన్సింగ్ కూడా నేర్చుకోవాలి. అప్పుడు రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. భయపడాల్సినంత పరిస్థితి లేదు.

ఈలోగా ఒక కొల్లెంబోలాను సూక్ష్మదర్శిని కింద చూపించమని అడగండి. చాలా జాతుల్లో పొట్ట కింద ముడిచి ఉన్న గెంతుడు కొమ్మ కనిపిస్తుంది. అదేమిటో ఆమెనే చెప్పమనండి. ఈసారి నవ్వకండి.