బసూన్ పట్టిన చిన్నోడికి పెద్దనాయన ఉత్తరం

కర్నూలు

చిరంజీవి చిన్నోడికి, పెద్దనాయన ఆశీస్సులు.

పచ్‌మఢీ ఆర్మీ మ్యూజిక్ స్కూల్లో నీ చేతికి బసూన్, అదే ఆ పొడుగాటి కొయ్య ఊదుడు వాయిద్యం, ఇచ్చారని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. క్లారినెట్ ఇచ్చుంటే సెలవులకొచ్చినప్పుడు ఏ పెళ్లి బ్యాండులోనైనా వాయించుకునేవాడివని ఆయన బాధ. ఆ సన్నాయి నొక్కులు పట్టించుకోవద్దు. ఆ కొయ్యను నేను 19 ఏళ్లు మోసినాను. రిటైరై ఇక్కడికొచ్చాక ఇంకొకరి చేతిలో దాన్ని చూసింది లేదు. నీ మెసేజ్‌కు ఇంత పొడుగు జవాబు అందుకే.

ఫోన్‌లో అరవై బసూన్ పుస్తకాల పీడీఎఫ్‌లు దించుకున్నాను, ఏది మొదలుపెట్టాలి అని అడిగావు. యాభై ఎనిమిది పక్కన పెట్టు. మిగతా రెండింటిలో ఒకటి ఇప్పటికి, ఇంకొకటి వచ్చే ఏడాదికి.

ఇప్పటికి వైసెన్‌బోర్న్ అనే ఆయన రాసిన మెథడ్, అంటే మొదటినుంచి నేర్పే పుస్తకం. ఆయన జర్మనీలోని లైప్‌జిగ్‌లో గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాలో మొదటి బసూన్ వాయించేవాడు. ఈ పుస్తకం 1887లో అచ్చయింది, మరుసటి ఏడే ఆయన పోయాడు. పాత ముద్రణకు కాపీరైట్ గొడవ లేదు, నెట్‌లో ఊరికే దొరుకుతుంది. పాఠాల్లో చాలావాటికి కింద రెండో బసూన్ గీత కూడా ఉంటుంది. దాన్ని మీ ఉస్తాద్‌ని వాయించమను. పక్కన ఇంకో బసూన్ మోగుతుంటే నీ శ్రుతి ఎక్కడ జారుతోందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనదే ఓపస్ 8 (ఓపస్ అంటే రచన నంబరు) రెండో భాగం, 50 స్టడీలు, అంటే సాధన పాఠాలు, కొన్ని ముద్రణల్లో మెథడ్ వెనకాలే కలిపి వేస్తారు. ఉన్నాయి కదా అని అక్కడికి దూకొద్దు.

పుస్తకం తెరవగానే పాఠం కాదు, ఏ స్వరానికి ఏ వేలు ఎక్కడో చూపే ఫింగరింగ్ చార్టు చూడు. బసూన్‌లో జర్మన్ పద్ధతి వేరు, ఫ్రెంచ్ పద్ధతి వేరు. నీకిచ్చింది దాదాపుగా జర్మన్‌దే అయ్యుంటుంది. పారిస్‌లో అచ్చయిన పాత మెథడ్‌లు ఎంత మంచివైనా వాటి చార్టు మన మీటలకు కుదరదు. ఎడమ బొటనవేలు ఒక్కదానికే ఎనిమిదో తొమ్మిదో మీటలున్న వాయిద్యం ఇది. తప్పు చార్టుతో ఒకసారి వేళ్లకు అలవాటైతే మాన్పించడానికి ఏడాది పడుతుంది. ఇంకో మాట, పై స్వరాలకు బొటనవేలితో మీటను అలా తాకి వదలడాన్ని ఫ్లిక్ అంటారు. అన్ని పుస్తకాలూ దీన్ని రాయవు. ఉస్తాద్‌ని అడిగి చార్టు మీదే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో.

ఇప్పుడు జిరాక్స్ సంగతి. నవ్వకుండా చదువు. నేను చేరిన కొత్తలో మా లైబ్రరీ పుస్తకానికి తీసిన కాపీ ఒకటి నా చేతికిచ్చారు. విదేశీ మ్యూజిక్ పేజీ మన ఏ4 కంటే పెద్దది. ఉన్నదున్నట్టు తీసేసరికి ఎడమ అంచు తెగిపోయింది. ఆ అంచులోనే కదా ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే క్లెఫ్ గుర్తు, దాని పక్కన స్వరాన్ని కాస్త దించే ఫ్లాట్ గుర్తులు ఉండేది! అది టెనార్ క్లెఫ్. నేను బాస్ క్లెఫ్ అనుకున్నాను. నాలుగో గీత మీద సీ ఉండాల్సిన చోట కింది ఎఫ్ వాయిస్తూ, వారం రోజులు పాట మొత్తం పంచమం దూరం కిందకి దించి ఊదినాను. ఎనిమిదో రోజు ఉస్తాద్ విని, "ఈ పాట ఎవరు రాశార్రా?" అన్నాడు. అందుకని నువ్వు ప్రింటు తీయించేటప్పుడు 90 శాతానికి తగ్గించమని చెప్పు. ప్రతి వరసకూ ముందు క్లెఫ్ కనబడుతోందో లేదో అక్కడే నిలబడి చూసుకో. స్పైరల్ వేయించు. ఫ్యాను గాలికి బట్టల క్లిప్పులు చాలు.

మెథడ్ అయ్యాక, వచ్చే ఏడాదికి, మిల్డే అనే ఆయన రాసిన స్టడీలు. ఓపస్ 24లో 25 స్టడీలు, అన్నీ స్కేళ్లు (స్వరాల వరసలు), కార్డ్‌లు (కలిసి పలికే స్వరాలు). ఓపస్ 26లో 50 కాన్సర్ట్ స్టడీలు. కాగితం మీద నల్లగా చీమలబారులా ఉంటాయి. తాళం కొట్టే మెట్రొనోమ్‌ను నిమిషానికి 60 దగ్గర పెట్టుకుని రోజుకు నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం గళ్లు, చాలు. నేను ఓపస్ 26 మొత్తం ఎప్పుడూ పూర్తి చేయలేదు, మీ నాయనకు చెప్పకు.

విసుగొస్తే బాఖ్ అనే ఆయన చెల్లోకు (పెద్ద వయొలిన్ లాంటిది) రాసిన సూట్‌లు తీసి ఊదు. మనదీ బాస్ క్లెఫే, శ్రుతి మార్చుకునే పని లేదు. క్లారినెట్ పుస్తకాలు అలా పనికిరావు. కాకపోతే చెల్లోకు ఊపిరి అక్కర్లేదు, నీకు కావాలి. ఎక్కడ గాలి పీల్చాలో ముందే పెన్సిల్‌తో కామా పెట్టుకో. ఇక వివాల్డి మన వాయిద్యానికి 39 కాన్చెర్టోలు (ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాయిద్యం ముందుండి వాయించేవి) రాశాడు, రెండు అసంపూర్తి. మొజార్ట్ 18 ఏళ్లప్పుడు, 1774లో, ఒకటి రాశాడు. బసూన్ ఆడిషన్ అంటే చాలాచోట్ల అదే అడుగుతారు. ఇప్పుడు వినడం వరకే పెట్టుకో.

నా పాత వైసెన్‌బోర్న్ పార్సిల్ చేస్తున్నాను. ఎర్ర పెన్సిల్ గీతలు మా ఉస్తాద్‌వి, నల్లవి నావి. రెండూ కొట్టుకున్న చోట ఎర్రదే నమ్ము. అదే పెట్టెలో మీ జేజి కజ్జికాయలు కూడా సర్దింది. తిన్న చేత్తో పుస్తకం ముట్టుకోవద్దు, నోరు పుక్కిలించకుండా రీడ్ (ఊదే పుల్ల) పెదాల మధ్య పెట్టొద్దు.

మీ పెద్దనాయన