సెనెగల్‌లో 'సెట్ ప్లాస్' టాక్సీ ఎన్ని గంటలకు బయలుదేరుతుంది? ఏ సీటు మంచిది?

గంట అంటూ ఏదీ లేదు. ఫ్రెంచిలో 'సెట్ ప్లాస్' అంటే ఏడు సీట్లు. ఏడో ప్రయాణికుడు ఎక్కితేనే బండి కదులుతుంది. మన షేర్ ఆటో లెక్కే, కాకపోతే దూరం వందల కిలోమీటర్లు. రాజధాని డాకర్ నుంచి తూర్పున ఉన్న తంబకుండా పట్టణానికి సుమారు 460 కిలోమీటర్లు. తెల్లవారకముందే స్టాండుకు చేరితే బండి త్వరగా నిండుతుంది, మధ్యాహ్నం వెళితే కూర్చుని ఈగలు తోలుకోవడమే. మరీ తొందరైతే మిగిలిన సీట్ల డబ్బు మీరే కట్టేయవచ్చు.

బండి చాలావరకు పాత ప్యూజో 504 లేదా 505. డ్రైవరు పక్కన ఒకరు, మధ్యలో ముగ్గురు, వెనక ముగ్గురు. వెనక వరుస ఇరుసు మీదే ఉంటుంది. మోకాళ్లు గడ్డానికి ఆనుతాయి, ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. ముందు వచ్చినవారికే మంచి సీటు కాబట్టి, వెనక సీటు ఒక్కటే మిగిలితే నేనైతే తరువాతి బండికి ఆగమంటాను. మట్టిరోడ్డుపై ఎర్రటి దుమ్ము కనురెప్పల మీద కూడా పేరుకుంటుంది. ముఖానికి చుట్టుకోవడానికి తువ్వాలు ఉండాలి.

సీటు ధర ఖాయం, బేరం ఉండదు. సామాను కిరాయి వేరు, అక్కడ మాత్రం గట్టిగా బేరమాడాలి.

దక్షిణాన ఉన్న జిగాంషోర్ నగరానికి వెళ్లే బండ్లు చాలావరకు మధ్యలో ఉన్న మరో దేశం గాంబియా మీదుగా పోతాయి, కాబట్టి పాస్‌పోర్టు బండిపైన కట్టిన సంచిలో పెట్టకండి. 2019లో గాంబియాలోని ఫరాఫెన్ని దగ్గర వంతెన తెరిచాక, గాంబియా నది దాటడానికి పడవ కోసం పడిగాపులు తప్పాయి.