అజమాయిషీ అంటే పెత్తనమేనా?

సందేహం: "గృహ నిర్మాణ పథకాల పర్యవేక్షణ మెరుగుకు ఆడిట్ సిఫారసులు" అనే శీర్షికను ఒక పత్రికలో చూశాను. సిఫారసు అంటే మా ఊళ్లో పలుకుబడి గలవారిచేత చెప్పించుకోవడం. ఆడిట్ వారు చేసేదాన్ని కూడా అదే మాటతో పిలవవచ్చునా? మరొకటి. నేను చాలా ఏళ్లు తాలూకా కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. మా పైఅధికారులు ఫైళ్లలో 'అజమాయిషీ' అని రాసేవారు. ఇప్పుడు ఆ మాట అంటే మా మనవరాలు "అజమాయిషీ అంటే పెత్తనం కదా తాతయ్యా" అంటోంది. పర్యవేక్షణ, తనిఖీ, అజమాయిషీ ఒకటేనా? ఏది రాయాలి?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

సమాధానం: మీ మనవరాలు చెప్పిన అర్థం నేటి వాడుకలో ఉన్నదే కనుక ఆ అమ్మాయిని తప్పు పట్టలేము. అయితే తాలూకా కచేరీలో పనిచేసిన మీకు ఆ మాట అసలు అర్థం అనుభవంలో తెలుసు. దాన్ని ఇంట్లో చెప్పవలసినవారు మీరే.

ముందు సిఫారసు సంగతి. ఇది పారసీ నుంచి వచ్చింది. అప్పగించు, ఒకరిని మరొకరి సంరక్షణలో ఉంచు అనే అర్థమున్న ధాతువు మీద 'ఇష్' ప్రత్యయం చేరి ఏర్పడిన నామం. ఒక మనిషిని మరొకరికి అప్పగిస్తూ చెప్పే మంచి మాట అనే అర్థం నుంచి, తగినదని చెప్పడం అనే అర్థం వచ్చింది. మీ ఊరి అర్థం, ఆడిట్ అర్థం రెండూ అక్కడినుంచి చీలినవే కనుక రెండూ సాధువులే. చిక్కు ఎక్కడంటే, ఇళ్ల పథకాల విషయంలో ఈ రెండు అర్థాలూ ఒకే వాక్యంలో ఎదురుపడతాయి. "సిఫారసు మీద ఇళ్లు పొందిన అనర్హులను జాబితానుంచి తొలగించాలని ఆడిట్ సిఫారసు చేసింది" అని రాస్తే చదువరి తడబడక తప్పదు. అటువంటి చోట 'సూచన' అంటే సరిపోతుందని కొందరు అంటారు. నాకు అది కొంచెం పలచగా తోస్తుంది. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం ప్రభుత్వ లెక్కలు పరీక్షించే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ రాష్ట్రపతికో గవర్నరుకో సమర్పించగా చట్టసభ ముందుంచే నివేదికలోని మాటను, చట్టసభ సభ్యులుండే ప్రభుత్వ పద్దుల సంఘం ముందు శాఖ సంజాయిషీ చెప్పుకోవలసిన మాటను, ఉత్త సూచన అనడం దాని బరువు తగ్గించడమే. అలాగని అది ఉత్తర్వూ కాదు, శాఖ దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. ఈ నడిమి స్థాయిని చెప్పడానికి సిఫారసే తగిన మాట అని నా అభిప్రాయం. పైరవీని పైరవీ అనే రాస్తే ఈ తడబాటు ఉండదు.

ఇక మీ రెండో సందేహం. దీనికోసం మీకు నిజంగా కృతజ్ఞుణ్ణి. అజమాయిషీ కూడా సిఫారసు కుటుంబంలోదే. పారసీ ధాతువుల మీద అదే 'ఇష్' చేరి మనకు వచ్చిన మాటలు ఇంకా ఉన్నాయి. చూపించు అనే ధాతువు నుంచి హైదరాబాదువారి నుమాయిష్, కొలుచు అనే ధాతువు నుంచి భూమి కొలతల పైమాషీ, ఆజ్ఞాపించు అనే ధాతువు నుంచి ఫర్మాయిషీ వచ్చాయి. వాటివలెనే పరీక్షించు, నిగ్గు తేల్చు అనే అర్థమున్న 'ఆజ్‌మూదన్' నుంచి 'ఆజ్‌మాయిష్' పుట్టి మన నోట అజమాయిషీ అయింది. హిందీ, ఉర్దూలలో నేటికీ దాని అర్థం పరీక్షే. అదృష్టాన్ని పరీక్షించుకోవడానికి, బలాబలాలు తేల్చుకోవడానికి వారు ఈ ధాతువునే వాడతారు. పెత్తనం అనే వాసన ఆ భాషల్లో దీనికి లేదు.

మనకు ఆ వాసన ఎలా పట్టింది? రెవెన్యూ పరిపాలనలో దీనికి నిక్కచ్చి అయిన సాంకేతికార్థం ఉండేది. కరణం పొలాలు తిరిగి ఏ సర్వే నంబరులో ఏ పంట ఎంత విస్తీర్ణంలో ఉందో, నీరు ఎక్కడిదో అడంగలు అనే పంటల లెక్క పుస్తకంలో రాసేవాడు. ఆ రాతను నమ్మి ఊరుకునేవారు కాదు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అడంగలు చేతపట్టుకొని కొన్ని నంబర్లకు స్వయంగా వెళ్లి, పుస్తకంలోని రాతను పొలంలోని పైరుతో సరిచూడాలి. తహసీల్దారు అంతకంటె తక్కువ నంబర్లు చూడాలి, కాని చూసి తీరాలి. చూసిన నంబరుకు ఎదురుగా సంతకం ఉండాలి. దానికే అజమాయిషీ అని పేరు. అంటే ఇది గట్టుమీద నిలబడి చూడటం కాదు, కాగితం చెప్పినదాన్ని నేల చెప్పినదానితో పరీక్షకు పెట్టడం. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల పదవులు రద్దయ్యాయి. పని ఇతర ఉద్యోగుల చేతికి మారింది గాని, రెవెన్యూ కార్యాలయాల్లో పంటల అజమాయిషీ అనే మాట పోలేదు. సరిచూసేవాడు సహజంగానే పైవాడు కనుక జనం నోట "పొలం వాడి అజమాయిషీలో ఉంది" అంటే సంరక్షణ అయింది, "ఇంటి అజమాయిషీ అంతా అత్తగారిదే" అంటే అధికారమయింది, చివరికి "నా మీద నీ అజమాయిషీ ఏమిటి" అనేదాకా వచ్చింది. అర్థం ఇలా జారడం భాషలో మామూలే. నేను బాధపడేది దానికి కాదు. కొత్త అర్థం వచ్చింది కదా అని పత్రికలవారు, అనువాదకులు పాత అర్థాన్ని గెంటేశారు. దాని స్థానంలో ఏ పరీక్షా ధ్వనించని పర్యవేక్షణను కూర్చోబెట్టారు. అది నాకు మింగుడుపడని విషయం.

పర్యవేక్షణ తప్పు మాట అని నేను అనడం లేదు. చుట్టూ కలయజూడటం అనే దాని అర్థం పెద్దదే. కాని ఇంగ్లీషులో సూపర్‌విజన్, మానిటరింగ్, ఓవర్‌సైట్ అనే మూడు వేర్వేరు పనులకూ మనవారు ఈ ఒక్క మాటనే అంటగట్టారు. మేస్త్రీ పక్కన నిలబడి గోడ కట్టించడమూ పర్యవేక్షణే, నెలనెలా అంకెలు తెప్పించుకోవడమూ పర్యవేక్షణే, ఆ రెండూ జరుగుతున్నాయో లేదో పైనుంచి చూడటమూ పర్యవేక్షణే. ఇంత బరువు మోసే మాటకు పదును ఎక్కడ మిగులుతుంది?

ఓవర్‌సైట్ మాటతో మరో ప్రమాదం కూడా ఉంది. ఆ భాషలో దానికి పైనుండి చూడటం అనే అర్థంతోపాటు, చూడక వదిలేసిన పొరపాటు అనే అర్థమూ ఉంది. 'పర్యవేక్షణ వలన జరిగిన తప్పు' అనే అనువాదాన్ని ఒక కార్యాలయపు కాగితంలో నేను కళ్లారా చూశాను. ఇలా రెండు ఎదురెదురు అర్థాలున్న మాట మనకూ ఒకటుంది, పరాకు. వందిమాగధులు 'బహుపరాక్' అంటే జాగ్రత్త, 'పరాకుగా ఉన్నాడు' అంటే అజాగ్రత్త. త్యాగరాజస్వామి కిరణావళి రాగ కీర్తనలో 'పరాకు నీకేలరా రామ' అని నిలదీసింది ఆ రెండో అర్థంలోనే.

ఇప్పుడు మీరు చూసిన శీర్షికలోని విషయానికి వద్దాం. గ్రామీణ పేదల ఇళ్ల కోసం 1985-86లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన మీద కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2014లో 37వ నంబరు నివేదిక ఇచ్చారు. 2008-09 నుంచి 2012-13 వరకు పథకం నడిచిన తీరును అందులో పరిశీలించారు. అర్హత లేనివారికి సాయం అందడం, కట్టిన ఇళ్ల నాణ్యతను సాంకేతికంగా చూసేవారు లేకపోవడం అందులో ఎత్తిచూపిన లోపాలలోవి. అటువంటి లోపాలను మన పత్రికలు ఏ మాటల్లో చెబుతాయో గమనించండి. "పర్యవేక్షణ కొరవడింది", "పర్యవేక్షణ లోపించింది", "పర్యవేక్షణ పటిష్ఠం చేయాలి." ఈ మూడింటిలో కర్త ఎవరు? చూడనిది ఎవరు, చూడవలసినది ఎవరు, దేన్ని, ఏ దశలో? భావార్థక నామం కర్తను మింగేసింది. బిల్లు పడక గోడల దగ్గరే ఇల్లు ఆగిపోయిన మనిషికి, కట్టని ఇంటికి బిల్లు పడిన సంగతి తెలిసిన పొరుగువారికి ఈ వాక్యాలవల్ల తెలిసేది ఏమీ లేదు.

తరువాత వచ్చిన పథకపు నియమాలను చూస్తే పాత మాట ఎంత పనికొస్తుందో తెలుస్తుంది. 2016 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో ఇంటికి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు, మైదాన ప్రాంతంలో సాయం 1.20 లక్షల రూపాయలు. కట్టుబడి ఏ దశకు వచ్చిందో, ఏ చోట ఉందో తెలిపే ఫోటో తీసి కంప్యూటరుకు ఎక్కించాలి, వాయిదా సొమ్ము దానితో ముడిపడి ఉంటుంది. అంతటితో ఆగక, ఒక్కొక్క దశలో వీలైనంతవరకు 10 శాతం ఇళ్లను బ్లాకు స్థాయి అధికారులు, 2 శాతం ఇళ్లను జిల్లా స్థాయి అధికారులు వెళ్లి చూడాలని మార్గదర్శకాల్లో ఉంది. కిందివాడు అన్నీ చూడటం, పైవాడు కొన్ని, ఆ పైవాడు ఇంకా తక్కువ స్వయంగా సరిచూడటం అనే ఈ ఏర్పాటు మీ తాలూకా కచేరీలోని అజమాయిషీ కాక మరేమిటి? అడంగలు బదులు ఫోటో వచ్చింది, పైరు బదులు గోడ వచ్చింది. పని అదే, దానికి మన దగ్గర పేరు కూడా ఉంది. ఆ పేరును మాత్రం మరిచిపోయాము.

తనిఖీ గురించి రెండు మాటలు. ఇది అరబ్బీ 'తన్‌ఖీహ్' నుంచి వచ్చింది. చెట్టు కణుపులు చెక్కి నునుపు చేయడం మొదటి అర్థం, రాతను తప్పులు తీసి శుద్ధి చేయడం తరువాతి అర్థం. అందుచేత తనిఖీ అంటే ఒకసారి వెళ్లి దోషం ఏరివేయడం, ఏడాది పొడుగునా జరిగేది కాదు. "నిరంతర తనిఖీ" అని రాసేవారు ఈ తేడాను గమనించాలి. ఆడిట్ లాటిన్‌లో వినడం, పూర్వం లెక్క చదువుతుంటే విని ఒప్పుకునేవారు. మనం 'లెక్క చెప్పు', 'లెక్క అప్పజెప్పు' అనడంలోనూ ఆ నోటి సంప్రదాయమే ఉంది. ఉపాధి హామీ పనులకు 2005 నాటి చట్టం గ్రామసభ ద్వారా జరిపించమన్న సోషల్ ఆడిట్‌కు మన రాష్ట్రాల్లో 'సామాజిక తనిఖీ' అని పేరు పెట్టారు. ఇళ్ల పథకానికి కూడా పంచాయతీకి ఏడాదికి ఒకసారైనా అది జరగాలన్నది నియమం. ప్రతి మాటనూ సంస్కృతీకరించే అలవాటున్న కాలంలో ఊరివారికి తెలిసిన తనిఖీని ఎంచుకున్నవారెవరో గాని, వారికి నా నమస్కారం.

మీ ప్రశ్నకు తీర్పు చెప్పమంటే, మూడూ ఒకటి కావు అని మాత్రం గట్టిగా చెబుతాను. పథకం మొత్తం మీద ఉంచే చూపుకు పర్యవేక్షణ, ఒక రోజు వెళ్లి దోషం పట్టడానికి తనిఖీ, కిందివారి రాతను పైవారు స్థలంలో సరిచూడటానికి అజమాయిషీ. మీ మనవరాలి తరానికి మూడోది వినగానే పెత్తనమే స్ఫురిస్తుంది కనుక శీర్షికలో దాన్ని పెట్టమని పత్రికలవారిని నేను బలవంతపెట్టలేను. శాఖల ఉత్తర్వుల్లో, నివేదికల అనువాదాల్లో మాత్రం నిస్సంకోచంగా వాడవచ్చునని నా మొగ్గు. ఏ మాట వాడినా క్రియతో, కర్తతో రాయమని నా కోరిక. "పర్యవేక్షణ పటిష్ఠం చేయాలి" అనేదాని కంటె "స్లాబు పడిన ఇళ్లను వాయిదా విడుదలకు ముందే ఇంజనీరు వెళ్లి చూడాలని, చూసిన తేదీ రాసి సంతకం చేయాలని ఆడిట్ సిఫారసు" అంటే ఎవరు ఏమి చేయాలో తేటగా ఉంటుంది. శీర్షికకు పొడుగైతే "ఇళ్లు చూశాకే బిల్లు: ఆడిట్ సిఫారసు" అన్నా చాలు.

వర్ణక్రమం సంగతి. సిఫారసు, సిఫార్సు రెండూ వాడుకలో ఉన్నాయి. నేను మొదటిది రాస్తాను, రెండోదాన్ని దిద్దను. అజమాయిషీలో చివర దీర్ఘం ఉంచండి. మూలంలో మొదటి అక్షరం దీర్ఘమే కనుక ఆజమాయిషీ అని రాసేవారూ ఉన్నారు, అదీ తప్పు కాదు.