వాడిన ఒమేగా వాచీ కొనేముందు కార్డు కాదు, వెనక మూత తీయించి చూడండి

మీ ప్రశ్న ఇదీ: నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చేస్తున్నారు, బడ్జెట్ మూడు లక్షలు. దుబాయ్ నుంచి వచ్చిన తెలిసినాయన వాడిన ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎమ్ ఇస్తానంటున్నాడు. బాక్సూ వారంటీ కార్డూ ఉన్నాయి, బిల్లు లేదు. కొనొచ్చా, చెరువు మీదికి పెట్టుకుపోవచ్చా?

కొనొచ్చు, బాక్సూ కార్డూ చూసి మాత్రం కాదు. ఆ రెండూ డూప్లికేటు చేయడం వాచీని చేయడం కంటే తేలిక. కార్డు మీది సీరియల్ నంబరూ, కేసు మీద చెక్కిన నంబరూ ఒకటేనా అని భూతద్దం పెట్టి చూడండి, దాని పని అంతవరకే. మీరు డబ్బు పెట్టేది లోపలి మిషనుకీ, నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు వాషర్లకీ. మన సముద్రం ఒడ్డున ముందు చెడేవి ఆ వాషర్లే.

అమ్మే ఆయన్ని వెంటబెట్టుకుని చెన్నైలో మంచి సర్వీసు సెంటర్‌కి వెళ్లండి. నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటల ప్రయాణం. రానంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

2018లో వచ్చిన 42 మి.మీ. మోడల్ అయితే లోపల కాలిబర్ 8800 అనే ఒమేగా మిషను ఉంటుంది, వెనక అద్దంలోంచి కనిపిస్తుంది. పక్కనున్న కీని ముందుకు ఓ నలభై చుట్లు తిప్పి ఫుల్ కీ ఇచ్చాక టైమ్‌గ్రాఫర్ మీద, అంటే వాచీ టిక్కుటిక్కు విని దాని నడక కొలిచే మెషీన్ మీద, పెట్టించండి. 8800 గంటకు 25,200 బీట్లు కొట్టాలి. 28,800 అనో 21,600 అనో చూపించిందంటే లోపలున్నది వేరే మిషను, ఇక మాట్లాడే పనే లేదు. 25,200 వచ్చినంత మాత్రాన అసలుదని కూడా అనుకోవద్దు, మూత తీయించి మెకానిక్ చేత చూపించాల్సిందే.

టైమ్‌గ్రాఫర్ దగ్గర ఒక తిరకాసు ఉంది. చాలా మెషీన్లు లిఫ్ట్ యాంగిల్ (మిషను రకాన్ని బట్టి మెషీన్‌లో పెట్టాల్సిన కోణం) 52 డిగ్రీలకు సెట్ చేసి ఉంటాయి. 8800 లాంటి ఒమేగా కో-యాక్సియల్ మిషన్లకి అది దాదాపు 38. మార్చకుండా పెడితే యాంప్లిట్యూడ్ (లోపలి బ్యాలెన్స్ చక్రం ఎంత ఊగుతోందో చెప్పే కోణం) ఉన్నదానికంటే బాగా ఎక్కువ చూపిస్తుంది, నూనె ఎండిపోయిన వాచీ కూడా భేషుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. 38 పెట్టించి డయల్ పైకి ఉంచినప్పుడు యాంప్లిట్యూడ్ 270 డిగ్రీలు దాటితే బాగుంది. 230 కిందికి పోతే సర్వీసు బాకీ ఉన్నట్టే. తర్వాత డయల్ కిందికి, కీ కిందికి, కీ పైకి పెట్టి చూడమనండి. కొత్తప్పుడు ఈ వాచీ హామీ రోజుకు 0 నుంచి +5 సెకన్లు. వాడినదానికి అంత పట్టుబట్టక్కర్లేదు గానీ, ఒక పొజిషన్‌కీ ఇంకోదానికీ ఇరవై సెకన్ల తేడా వస్తే ఏదో దెబ్బ తగిలిందనే అర్థం.

ఇక నీళ్ల సంగతి. 300 మీటర్లు అని డయల్ మీద రాసి ఉండటం కొత్త వాషర్ల మాట. ముందు గాలి ఒత్తిడితో డ్రై టెస్టు చేయించండి. తర్వాత కండెన్సేషన్ టెస్టు: వాచీని 40–45 డిగ్రీల ప్లేటు మీద వేడిచేసి, అద్దం మీద ఒక చల్లటి నీటిచుక్క వేసి, నిమిషం ఆగి తుడుస్తారు. చుక్క పెట్టిన చోట లోపల చిన్న పొగమంచు మచ్చ కట్టిందంటే తేమ అప్పటికే లోపల ఉంది. మూత ఎలాగూ తీశారు కాబట్టి మూత వాషరూ, కీ వాషర్లూ మార్పించేయండి. మూడు లక్షల్లో ఒక యాభై వేలు సర్వీసుకని పక్కన పెట్టుకుని బేరమాడండి.

చెరువు మీదికి పెట్టుకుపోవచ్చు, టెస్టులో పాసైతేనే. ఏడాదికోసారి ఆ టెస్టు మళ్లీ చేయించాలి. వాచీల్లోకి నీళ్లు పోవడానికి ఒక ముఖ్య కారణం కీ బిగించడం మరిచిపోవడమే. బిగించేటప్పుడు కీని లోపలికి నొక్కి, ముందు వెనక్కి తిప్పండి. మర కూర్చున్నట్టు చిన్నగా టక్ మంటుంది, అప్పుడు ముందుకు బిగించండి. అలా చేయకపోతే మర అడ్డం పడి, కీ బిగుసుకునే ట్యూబే మార్చాల్సి వస్తుంది. ఇంటికి రాగానే కీ బిగించి ఉందో లేదో చూసుకుని, మంచినీళ్ల కింద మెత్తటి బ్రష్షుతో చైను సందులు కడగండి. ఉప్పు ఎండి అక్కడే ఉండిపోతే 316ఎల్ స్టీలుకైనా సందుల్లో చిన్న చిన్న గుంటలు పడతాయి. బ్లీచింగ్ చల్లే రోజు మాత్రం వాచీ ఇంట్లోనే ఉంచండి.

అద్దం లోపల ఆవిరి పట్టిందా, ఎండలో పెట్టొద్దు, బియ్యంలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. ఉప్పునీరైతే స్క్రూలు, ఇతర స్టీలు భాగాలు రోజుల్లోనే తుప్పు పడతాయి. ఆ రోజో మర్నాడో మూత తీయించాలి.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఒక లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నాయన మీద అంతే మొత్తం జరిమానా పడుతుంది, ఈ మాట ఆయనకీ చెప్పండి. మోడల్, సీరియల్ నంబరు, ధర, ఆయన ఆధార్ కాపీతో ఒక అమ్మకం కాగితం రాయించుకోండి. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ సుంకం కట్టిన రసీదు ఉందేమో అడగండి. లేకపోతే ధర తగ్గించమనడం కాదు, ఎలా వచ్చిందో తేలేదాకా ఆగడమే మంచిది.

సర్వీసుకి ఇచ్చేటప్పుడు ‘కేసు పాలిష్ వద్దు’ అని జాబ్ కార్డు మీద రాయించండి. సీమాస్టర్ కాళ్లకు (కేసుకు చైను తగిలించే కొమ్ములకు) మెలితిరిగిన పదునైన అంచులుంటాయి. బఫ్ పట్టించిన ప్రతిసారీ అవి గుండ్రబడతాయి, తర్వాత అమ్మబోతే కొనేవాడు మొదట చూసేది వాటినే.